మా చేపకి రంగు మేత

టీకా సూదికి ఏడవకుండా ఉంటే ఏం కావాలంటే అది కొనిస్తానని మా ఆయన పాపకి మాట ఇచ్చాడు. పాప ఏడ్చింది. ఆసుపత్రి గేటు దాకా వినపడేలా ఏడ్చింది. అయినా కొనిచ్చాడు, ఎందుకంటే మాట వెనక్కి తీసుకుంటే ఇంకా గట్టిగా ఏడుస్తుందని ఆయన భయం. అలా భవానీపురంలోని మా ఇంటికి ఒక గాజు తొట్టి, దాంట్లో ఒక గోల్డ్ ఫిష్ వచ్చాయి.

స్వీట్ షాపులో అద్దం వెనక, లైటు కింద పెట్టిన జిలేబీ ఉంటుందే, ఆ రంగు. హాల్లో అడుగుపెట్టిన ప్రతివాళ్ళూ ముందు దాన్నే చూసేవాళ్ళు. పేరు పెడదామా అని పాపని అడిగాను.

"దానికి పేరు ఉండే ఉంటదమ్మా. మనకి చెప్పట్లేదంతే," అంది.

దాంతో పేరు పెట్టే ప్రయత్నం మానుకున్నాం.

మా అత్తయ్య ప్రాథమిక పాఠశాలలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. ఇప్పటికీ కనపడిన ప్రతిదానికీ మార్కులు వేస్తుంది. నా చేపల పులుసుకి ఇంతవరకూ ఆరు దాటలేదు. ఈ చేపకి మాత్రం వచ్చిన రోజే పదికి తొమ్మిది వేసింది. ఆ ఒక్క మార్కూ ఎందుకు తగ్గించారని మా ఆయన అడిగితే, "ఒకచోట కుదురుగా నిలబడట్లేదు," అంది.

వేసవి సెలవులు ముగిసేసరికి చేప రంగు తగ్గడం మొదలైంది. ముందు తోక, తర్వాత పొట్ట. చుట్టాలు పెరిగేకొద్దీ నీళ్ళు పోసి పెంచిన ఆరెంజ్ షర్బత్‌లా రోజురోజుకీ పలచబడుతూ పోయింది. లైటు సరిగ్గా లేదని మా ఆయన పెద్ద బల్బు పెట్టాడు. ఆ వెలుతురులో చేప ఇంకా తెల్లగా కనపడింది, అంతే. కంకిపాడులో ఉన్న మా నాన్నకి ఫోన్ చేశాను. ఆయనకి చేపల చెరువులున్నాయి కాబట్టి ఏదైనా తెలుస్తుందనుకున్నాను.

"ఎంత బరువుంటది?" అన్నాడు.

"అరచేతిలో పట్టేంత ఉంటది నాన్నా."

"మరి దానికి ఫోన్ ఎందుకమ్మా? కాస్త తవుడు, వేరుశనగ చెక్క వెయ్యి, అదే పెరుగుద్ది."

పెరగడం కాదు, రంగు అన్నాను. చేప రంగు చూడాలంటే మొప్ప ఎత్తి చూడాలని, ఎర్రగా ఉంటే తాజాదనీ చెప్పాడు. చెరువుల్లో చేపల్ని పెంచేవాడితో పెంపుడు చేప గురించి మాట్లాడటం కుదరదని అర్థమైంది.

పాప మాత్రం పై నుంచి సాయం అడిగింది. మా ఇంట్లో రోజూ సాయంత్రం కుటుంబ ప్రార్థన ఉంటుంది. అందరం చాపమీద కూర్చుని ఒక్కొక్కరం ఒక మనవి చెప్పుకుంటాం. మా అత్తయ్య తన అన్నగారి మోకాలి ఆపరేషన్ గురించి, మా ఆయన ఆఫీసు బదిలీ గురించి చెప్పుకున్నాక, పాప కళ్ళు గట్టిగా మూసుకుని, "ప్రభువా, మా చేపకి రంగు ఇవ్వు తండ్రీ," అంది. ఆమెన్ అయ్యాక అత్తయ్య మెల్లగా దగ్గరికి తీసుకుంది.

"దేవుడికి ఇప్పటికే చాలా పనులున్నాయి తల్లీ."

"చేపల్ని ఆయనే చేశాడని నువ్వే చెప్పావుగా నానమ్మా?"

"చేశాడు. గ్యారంటీ ఇవ్వలేదు."

చేపని కొన్న షాపు వన్ టౌన్‌లో ఉంది. వెళ్ళి అడిగాను. షాపాయన నవ్వుతూ లేచాడు. ఆయన తొట్లలో చేపలన్నీ కళ్ళు చెదిరే రంగుల్లో తిరుగుతున్నాయి.

"రంగు తగ్గిందా మేడమ్? మామూలేనండీ. మా దగ్గరున్నప్పుడు మేం పెట్టే మేత వేరు."

"అంటే ఇక్కడున్నంత కాలం రంగు మేత పెట్టి, అమ్మేశాక ఆపేస్తారా?"

"మేం ఆపలేదు మేడమ్. మీరు ఆపారు."

అంటూనే ఆయన ఒక పెద్ద డబ్బాలోంచి ఎర్రటి గింజల్లాంటివి ప్లాస్టిక్ కవర్లో పోసి రబ్బరు బ్యాండు వేసేశాడు.

"ఈ గుళికలు చిటికెడు వెయ్యండి. కొన్నాళ్ళకి మీ చేపని మీరే గుర్తుపట్టరు."

గుళికలు అనే మాట వినగానే, కవరు అందుకోబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మా ఊళ్ళో గుళికలంటే పొలానికి చల్లే పురుగు మందు.

"ఇందులో ఏముంటుందండీ?"

"రంగు మేడమ్."

"రంగు కాకుండా?"

"మేత."

"అది కాదండీ, దేనితో చేస్తారు?"

"ఫారిన్‌ది మేడమ్."

ఆ తర్వాత నేను ఏది అడిగినా ఫారిన్‌దనే చెప్పాడు. ఎవరు తయారు చేశారు అన్నా ఫారిన్‌దే, ఎన్నాళ్ళు నిలవుంటుంది అన్నా ఫారిన్‌దే. చివరికి, "చేపకి ఏమీ కాదుగా?" అన్నాను.

"అయితే మళ్ళీ రండి మేడమ్. ఇంకో చేప ఇస్తాను," అన్నాడు ఎంతో ఆదరంగా.

ఇంటికొచ్చి ఫోన్లో చదవడం మొదలుపెట్టాను. నేను బీకామ్ చదివాను, కాబట్టి రసాయనాల గురించి నాకు తెలిసిందల్లా భయపడటమే. చదివిన దాంట్లో అర్థమైందేమిటంటే, ఎరుపు, నారింజ రంగులు చేప ఒంట్లో వాటంతట అవి పుట్టవు, తిండిలోంచే రావాలి. రొయ్య పెంకులోనో, నాచులోనో, బంతిపూలలోనో ఉండే రంగు పదార్థాన్ని మేతలో కలుపుతారు. అలాంటిది చేపకి మంచి తిండే. అక్కడితో చదవడం ఆపేసి ఉంటే హాయిగా ఉండేదాన్ని. కానీ రంగు త్వరగా రావాలని కొందరు హార్మోన్లు కలుపుతారనీ, దానివల్ల చేపలకి పిల్లలు పుట్టకపోవచ్చనీ, ఇంకొందరైతే ఏకంగా సూదితో చేప ఒంట్లోకి రంగు ఎక్కిస్తారనీ కూడా ఉంది. సూది అనగానే నాకు మా పాప ఏడుపు గుర్తొచ్చింది. నా చేతిలో ఉన్న కవర్లోది మంచి మేతో, హార్మోన్లు కలిపిందో తెలుసుకునే దారి లేదు. కవరు మీద ఉన్నది రబ్బరు బ్యాండు ఒక్కటే.

భోజనాల దగ్గర ఈ విషయం కదిపాను.

"దానికి రంగు కావాలని అది అడిగిందా? మన హాల్లో బాగా కనపడాలని దాని ఒంట్లోకి ఏదో ఒకటి పంపించడం న్యాయమేనా?"

"నువ్వు పార్లర్‌కి వెళ్ళట్లేదా?" అన్నాడు మా ఆయన.

"నా కాళ్ళతో నేను వెళ్తున్నా. దానికి కాళ్ళున్నాయా?"

"ఉంటే వెళ్ళేది."

అత్తయ్య మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. "ఇంత చర్చ ఎందుకమ్మాయ్? పాప నీ కడుపులో ఉన్నప్పుడు రోజూ కుంకుమపువ్వు పాలు తాగించాను. పాపని అడిగే చేశామా?"

"నేననేదీ అదే అత్తయ్యా."

"ఏమైనా నష్టం జరిగిందా?"

ముగ్గురం పాప వంక చూశాం. అచ్చం వాళ్ళ నాన్న రంగు, దోరగా వేయించిన వేరుశనగ పప్పు రంగు. చూస్తే ముద్దొస్తుంది. కుంకుమపువ్వు జాడ మాత్రం ఎక్కడా లేదు.

"నష్టమూ లేదు, లాభమూ లేదు," అన్నాడు మా ఆయన.

"అది నిజం కుంకుమపువ్వు అయ్యుండదులే. ఎవరో విడిగా తెచ్చి అమ్మితే కొన్నా," అంది అత్తయ్య.

"ఏంటీ? ఏముందో తెలీకుండానే తొమ్మిది నెలలూ నాతో తాగించారా?"

"గొంతు పెంచకు. మార్కులు తగ్గిస్తా."

చేప సంగతి పక్కకి పోయి, ఎప్పుడో తాగిన పాల గురించి కొత్త బెంగ పట్టుకుంది నాకు. ఇంత మాట్లాడుకుంటున్నంతసేపూ పాపకి అన్నం పెడుతూనే ఉన్నాను. ప్రతి ముద్దనీ ముందు నా నాలుక చివరకి తగిలించి, కారం లేదనీ కాలట్లేదనీ నమ్మకం కుదిరాకే దాని నోట్లో పెడతాను. పాలైనా, దగ్గు మందైనా అంతే. పాప బుగ్గలో ముద్ద పెట్టుకుని మా మాటలన్నీ వింటూ కూర్చుంది. చివరికి ఏ తీర్పూ రాలేదు. కవరు ఫ్రిజ్ మీదకెక్కింది.

ఆ వచ్చే ఆదివారం చర్చి నుంచి వచ్చి, చీర మార్చుకుందామని గదిలోకి వెళ్ళాను. తిరిగి హాల్లోకి వచ్చేసరికి డైనింగ్ కుర్చీ ఫ్రిజ్ పక్కన ఉంది. పాప తొట్టి ముందు నిలబడి ఉంది. చేతిలో కవరు. రబ్బరు బ్యాండు ముంజేతికి గాజులా వేసుకుంది. పెదాలు ఎర్రగా ఉన్నాయి. బుగ్గలు నెమ్మదిగా, చాలా శ్రద్ధగా కదులుతున్నాయి. చేప అద్దానికి అతుక్కుని పాపనే చూస్తోంది.

నేను అరిచిన అరుపుకి ఎదురింటి వాళ్ళ కుక్క కూడా మొరిగింది.

"మింగేశావా? మింగేశావా? నోరు తెరు!"

తెరిచింది. నోరు ఖాళీగా ఉంది, నాలుక ఎర్రగా ఉంది. ఎందుకు తిన్నావే అని నేను భుజాలు పట్టుకుని అడిగేసరికి పెదాలు బిగించేసింది. ఒకసారి బిగించిందంటే ఇక ఎవరి తరమూ కాదు.

మా ఆయన వచ్చి విషయం విన్నాడు. కవరు తీసుకుని వాసన చూశాడు. నేను చూస్తుండగానే రెండు గింజలు నోట్లో వేసుకున్నాడు.

"ఏం చేస్తున్నారండీ!"

"పాపకి ఏమవుతుందో తెలియాలి కదా." నమిలాడు. "రొయ్యపొట్టులా ఉంది."

"ఏదీ, ఇలా తే," అంటూ అత్తయ్య కూడా ఒకటి వేసుకుంది. కళ్ళు మూసుకుని ఆలోచించింది. "రొయ్యపొట్టు కాదు. పాతబడిన ఎండు మెత్తళ్ళు. పదికి రెండు."

ఇంట్లో ప్రతిదీ రుచి చూసే మనిషిని నేను. ఆ పూట రుచి చూడనిది నేనొక్కదాన్నే. వాళ్ళ ముగ్గురికీ ఏమైనా అయితే ఆటో పిలవడానికి ఒకరు ఉండాలి కదా అనిపించింది.

నలుగురం ఆటోలో పిల్లల డాక్టరు గారింటికి వెళ్ళాం. కింద క్లినిక్, పైన ఇల్లు. ఆవిడకి నేను బాగా తెలుసు. పాప వరసగా తుమ్మిందని ఒకసారి, చాలాసేపు తుమ్మలేదని ఒకసారి ఫోన్ చేసి ఉన్నాను. అందుకే నన్ను చూసి కంగారేం పడలేదు, కవరు చూశాక మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుంది. పాప నాలుక చూసింది, పొట్ట నొక్కింది, ఎన్ని తిన్నావని అడిగింది. పాప వేలి కొస చూపించింది.

"చాలా కొంచెమే తిన్నది," అంది డాక్టరు గారు. "చేపల రంగు మేతల్లో మామూలుగా వేసేవి అంత భయపడాల్సినవి కాదు. కానీ దీని మీద ఒక్క ముక్క కూడా రాసి లేదు. ఏముందో తెలియని దాని గురించి ఏమీ కాదని నేనెలా చెప్పను? వాంతులైనా, దద్దుర్లొచ్చినా, కడుపునొప్పి అన్నా వెంటనే తీసుకురండి. నీళ్ళు బాగా తాగించండి."

ఏమీ కాదన్న మాట కోసమే కదా అంత దూరం వెళ్ళింది. పాప జడ కుచ్చు నా చేతిలో ఉంది, దాన్ని ముడి వేస్తూ, విప్పుతూ కూర్చున్నాను.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "డాక్టరు గారూ, నేను కూడా రెండు తిన్నానండీ."

"మీరెందుకు తిన్నారు?"

"టెస్టుకండీ."

"నేనొకటి," అంది అత్తయ్య. "మా ఇంట్లో ఆ మేత తిననిది మా కోడలు, చేప. వీళ్ళిద్దరేనండీ."

డాక్టరు గారు కాసేపు రాయడం ఆపి టేబుల్ వంక చూస్తూ ఉండిపోయింది. ఆవిడ భుజాలు కదులుతున్నాయి. తర్వాత పాపని దగ్గరికి పిలిచి, ఎందుకు తిన్నావు బంగారం అని అడిగింది.

పాప మొదటిసారి నోరు విప్పింది.

"చేపకి పెడదామని. పెట్టేముందు చూడాలిగా. కాలుతుందేమో, కారంగా ఉందేమో. అమ్మ నాకు చూస్తదిగా."

అందరూ నా వంకే చూశారు. ఎక్కడ చూడాలో తెలియక నేను గోడ మీద టీకాల బొమ్మ చూశాను.

"మరి చూశావుగా, ఏం తేలింది?" అంది డాక్టరు గారు.

"కారం లేదు. కాలట్లేదు," అని పాప కాస్త ఆగింది. "కానీ పెట్టను. నాకు దద్దుర్లొస్తే అమ్మకి చెప్తా. చేపకొస్తే ఎవరికి చెప్తది?"

ఫోన్లో అంత చదివి, భోజనాల దగ్గర అంత వాదించి నేను తేల్చలేకపోయినదాన్ని పాప డాక్టరు గారి స్టూలు మీద కాళ్ళూపుకుంటూ తేల్చేసింది. కానీ ఆ క్షణంలో నాకు గర్వం కలగలేదు. దద్దుర్లు అని అది ఎంత స్పష్టంగా అందో చూసి, నాలుక బాగానే తిరుగుతోందని మాత్రం అనుకున్నాను.

ఆ రోజంతా ఇల్లు ఆసుపత్రి వార్డులా ఉంది. పాప చేతులు, కాళ్ళు, వీపు చూడటం, మళ్ళీ మొదటినుంచీ చూడటం. సాయంత్రం మా ఆయన మోచేతి మీద ఎర్రగా ఒకటి లేచింది. ఆయన సోఫాలో వెనక్కి వాలిపోయాడు. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని చూసి దోమ కుట్టిందని తేల్చింది. అసలు ఎదురుచూసింది మాత్రం తెల్లవారాక పాప బాత్రూమ్‌కి వెళ్ళడం కోసం. నేను వంటింట్లో చెవులు రిక్కించి నిలబడ్డాను. అత్తయ్యే తోడు వెళ్ళింది. కొంతసేపటికి అక్కడినుంచి వెనకటి స్కూలు అసెంబ్లీ గొంతుతో ఒక ప్రకటన వినపడింది.

"అమ్మాయ్! మామూలు రంగే! భయం లేదు!"

మా మేడ మీద వాళ్ళకి కూడా భయం తీరి ఉంటుంది. పాప చేతులు కడుక్కుని వచ్చి దోసె కావాలంది. పెనం మీద నేను వేస్తూనే ఉన్నాను. పెళ్ళివారెవరైనా వస్తున్నారా అని మా ఆయన అడిగేదాకా ఆపలేదు.

చేప భోజనం ఇప్పుడు అత్తయ్య శాఖ. బఠాణీ ఉడకబెట్టి, తొక్క తీసి, మెత్తగా నలిపి వేస్తుంది. అప్పుడప్పుడు రొయ్యపొట్టుని ఉప్పు పోయేదాకా నీళ్ళు మార్చి మార్చి నానబెట్టి చిటికెడు వేస్తుంది. ఆ రోజు వాసనకి హాల్లో కూర్చోవడం కష్టం. డబ్బా మీద ఏమేం కలిపారో స్పష్టంగా రాసి ఉన్న మామూలు మేత కూడా ఒకటి తెచ్చాం. దాన్ని నేను అక్షరం అక్షరం చదివాను, మా ఆయన చేత చదివించాను. చేపకి పాత జిలేబీ రంగు రాలేదు. మీగడ రంగులో, తల మీద మాత్రం కాస్త నారింజతో తిరుగుతోంది. బాగా తింటోంది, చురుగ్గా ఉంది. ఇంటికొచ్చిన వాళ్ళు పాపం జబ్బు చేసిందా అని అడిగితే, "దాని రంగే అది. ఇంతకుముందుది షాపు వాళ్ళది," అని పాప చెప్తుంది.

మిగిలిన కవరు ఇంట్లో ఉంచుకోబుద్ధి కాలేదు. చెత్తబుట్టలో వేస్తే ఏ పిల్లి తింటుందో అని ఇంకో బెంగ. షాపాయనకే తిరిగి ఇద్దామని పాపని వెంటబెట్టుకుని వెళ్ళాను.

"ఏం మేడమ్, రంగొచ్చిందా?" అన్నాడు.

"పెట్టలేదండీ. ఇందులో ఏముందో మీకు తెలీదు, నాకు తెలీదు. మీరే ఉంచుకోండి. డబ్బులేం వద్దు. కానీ ఇలా విడిగా పోసి ఇంకెవరికీ అమ్మకండి. పిల్లలున్న ఇళ్ళుంటాయి. మా పాప తినేసింది."

ఆయన నవ్వు ఆగిపోయింది. కౌంటరు మీదుగా వంగి పాప వంక చూశాడు. "అయ్యో. ఏం కాలేదుగా?"

"ఏం కాలా," అంది పాప. మునివేళ్ళ మీద నిలబడి, కౌంటరు మీదున్న కవర్లోంచి ఒక గింజ తీసి ఆయనకి అందించింది. "కారం లేదంకుల్. మీరు కూడా చూడండి."

షాపాయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నాకు షుగరుందమ్మా."

"ఇది తియ్యగా లేదంకుల్."

ఆయన ఇంకో అడుగు వెనక్కి వేసి గోడకి ఆనుకున్నాడు. పాప గింజని తిరిగి కవర్లో వేసి చెయ్యి గౌనుకి తుడుచుకుంది. చుట్టూ ఉన్న తొట్ల వంక, వాటిలో ఎర్రగా, పచ్చగా మెరిసిపోతూ తిరుగుతున్న చేపల వంక చూసి, ఏమీ తెలియని ముఖంతో అడిగింది.

"మరి వీటికి పెట్టేటప్పుడు ఎవరు చూశారంకుల్?"

షాపాయన నన్ను చూశాడు. ఆయన జేబులోంచి ఫోన్ తీసి, అసలు మోగనే మోగని ఆ ఫోన్‌ని చెవి దగ్గర పెట్టుకుని, "ఆఁ, హలో, చెప్పండి చెప్పండి," అంటూ లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు.